పులి కాకుండా ఇంకేం కనిపించింది?

పాఠకుల ప్రశ్నలు, అడవి ఫొటోగ్రాఫర్ జవాబులు

గత సంచికలో మానుపిల్లి ఫొటో ఒకటి వేశాం. పునుగుపిల్లికి దగ్గర చుట్టం అది. కొమ్మ మీద పండు తింటుండగా నోట్లోంచి జారిపోయిన ముక్క కోసం మెడ సాచి కిందికి చూస్తున్న ఫొటో. నిజం చెప్పాలంటే అంత షార్ప్‌గా లేదు, ఒక కొమ్మ అడ్డం కూడా వచ్చింది. అయినా నా పులి ఫొటోలు వేటికీ రానన్ని ఉత్తరాలు దానికొచ్చాయి. ఇలాంటివి మేమూ తీయాలంటే ఎలా అని అడిగినవాళ్లే ఎక్కువ. వాటిలో కొన్నింటికి ఇక్కడ జవాబు రాస్తున్నాను. ఏదైనా జవాబు మరీ పొడుగ్గా అనిపిస్తే ఆ ప్రశ్న నాకు బాగా నచ్చిందనుకోండి.

ప్రశ్న: మేడమ్, అడవి అనగానే అందరూ పులి, ఏనుగు, నెమలి అంటారు. ఎవరూ పట్టించుకోని జంతువుల్ని తీయాలని నా కోరిక. దేనితో మొదలుపెట్టాలి? బాగా అరుదైనదైతే నలుగురూ చూస్తారు కదా?
– డిగ్రీ విద్యార్థి

జవాబు: అరుదైనదాని జోలికి ఇప్పుడే వెళ్లకండి. వియత్నాం, లావోస్ సరిహద్దు కొండల్లో సావోలా అనే జంతువుంది. 1992 దాకా అలాంటిది ఒకటుందని శాస్త్రవేత్తలకే తెలియదు. 2013లో వియత్నాంలో, జంతువు కదిలితే దానంతటదే ఫొటో తీసే ఒక కెమెరా ట్రాప్‌కు అది చిక్కితే, కేవలం చిక్కడమే ప్రపంచ వార్త అయింది. అలాంటి జంతువు ఏం తింటోంది, పిల్లను ఎలా సాకుతోంది అని ఫొటోలో చూపించే అవకాశం ఎక్కడుంది? ఉన్నట్టు రుజువు దొరికితే చాలు అక్కడ.

ఒక ప్రాణి చేసే పనిని ఫొటో తీయాలంటే ఆ పని మీ కళ్ల ముందు మళ్లీ మళ్లీ జరగాలి. అందుకే మీకు నేను చెప్పేది ఆకులు కుట్టే ఎర్రచీమలు. నవ్వకండి. ఆకులు మడిచి చెట్టు మీద గూళ్లు కట్టేవి. రెండాకుల అంచులు దగ్గరికి లాగడానికి అవి వరసగా నిలబడి పట్టుకుంటాయి. మధ్యలో ఖాళీ ఎక్కువుంటే ఒకదాని నడుము ఒకటి పట్టుకుని గొలుసులా వేలాడతాయి. అంచులు కలిశాక ఇంకొన్ని చీమలు తమ లార్వాలను, అంటే ఇంకా పురుగు దశలో ఉన్న పిల్లలను, నోట కరుచుకొస్తాయి. పెద్ద చీమలకు దారం రాదు. పిల్లల నోటి నుంచి పట్టుదారం వస్తుంది. ఆ పిల్లను ఈ అంచుకోసారి, ఆ అంచుకోసారి తాకిస్తూ కుట్టేస్తాయి. ఇదంతా మీ కంటి ఎత్తులో ఉన్న కొమ్మ మీదే జరుగుతుంది, కాసేపు నిలబడితే మీ ఉనికిని అవి పట్టించుకోవు కూడా. చెట్టుకు చెయ్యి ఆనించారంటే మాత్రం వెంటనే పట్టించుకుంటాయి.

అక్కడ ఇంకొక బహుమతి కూడా దొరకొచ్చు. ఆ చీమల మధ్యనే అచ్చం వాటిలాగే ఉండే సాలీడు ఒకటి తిరుగుతుంటుంది. ముందు కాళ్లు రెండూ పైకెత్తి మీసాల్లా ఆడిస్తుంది. కదిలిస్తే దారం వదిలి కిందికి జారుతుంది, చీమ అలా జారదు. దాన్ని గుర్తుపట్టిన రోజున మీరు చూడ్డం నేర్చుకున్నట్టే, కెమెరా సంగతి తర్వాత.

చీమలు మరీ చిన్నవనిపిస్తే పేడపురుగు. తల కిందికి పెట్టి, వెనక కాళ్లతో పేడ ఉండను తోస్తూ పోతుంది. పోయే ముందు ఉండ మీదికెక్కి ఒకసారి గుండ్రంగా తిరుగుతుంది. ఊరికే కాదు, దిక్కు చూసుకుంటుంది. దక్షిణాఫ్రికాలో రాత్రిపూట తిరిగే ఒక రకం పేడపురుగు పాలపుంత వెలుగును చూసి నేరుగా నడుస్తుందని 2013లో శాస్త్రవేత్తలు తేల్చారు. పక్కవాడు ఉండను ఎత్తుకుపోకుండా వీలైనంత తిన్నగా, తొందరగా అక్కణ్నుంచి బయటపడడమే దాని తాపత్రయం. ఉండ మీద తిరిగే ఆ కొద్ది సెకన్లే మీ ఫొటో. తోసుకుపోయేది అందరూ తీస్తారు.

ప్రశ్న: నా దగ్గర బల్లులు, తొండలు, కప్పల ఫొటోలు వందల్లో ఉన్నాయి. అన్నీ కూర్చునే ఉన్నాయి! ఏదో ఒకటి చేస్తున్నప్పుడు తీయడం నా వల్ల కావడం లేదు. ఎప్పుడు నొక్కినా ఒక క్షణం ఆలస్యమే.
– ప్రైవేటు ఉద్యోగి

జవాబు: మీ వేలు ఆలస్యం కావడం లేదు, మీ అంచనా ఆలస్యమవుతోంది. పని కనిపించాక నొక్కితే ఎవరికైనా అంతే. పనికి ముందు ఆ ప్రాణి ఏం చేస్తుందో తెలిస్తే చెయ్యి ముందే సిద్ధంగా ఉంటుంది.

పడమటి కనుమల్లో ఎగిరే బల్లి ఉంది. పక్కటెముకలు సాగి, వాటి మీద పరుచుకున్న చర్మంతో చెట్టు నుంచి చెట్టుకు గాలిలో జారుతూ పోతుంది. గాల్లో ఉండగా దాన్ని వెంటాడి ఫోకస్ చేయాలని చూసేవాళ్లకు ఆకాశం ఫొటోలే మిగులుతాయి. నేను కాసేపు కెమెరా పక్కన పెట్టి చూస్తాను. మగది గడ్డం కింది పసుప్పచ్చ తోలును ఎన్నిసార్లు చాపుతోంది, ఎవరికి చూపిస్తోంది, దూకేముందు తల ఎటు తిప్పుతోంది, ఎక్కువగా ఏ చెట్టు మీద దిగుతోంది? దిగేటప్పుడు తల పైకి పెట్టి మానుకు అంటుకుంటుంది, వెంటనే పైకి పాకుతుంది. అంటే దిగే మానును ముందే ఫోకస్‌లో ఉంచుకుని కూర్చోవచ్చు. షట్టర్ వేగం సెకనులో 2000వ వంతు, వెలుతురు ఉంటే ఇంకా వేగం. కొత్త కెమెరాల్లో ప్రీ-క్యాప్చర్ అనే సదుపాయం ఉంటోంది, బటన్ పూర్తిగా నొక్కకముందు కొద్ది క్షణాల ఫ్రేములు కూడా దాచిపెడుతుంది. మీ కెమెరాలో ఉంటే సిగ్గుపడకుండా వాడండి.

ఈ బల్లి గురించే ఒక సంగతి చెప్పాలి. ఎన్నో ఏళ్లుగా జనం దీన్ని చూస్తున్నారు, పుస్తకాల్లో బొమ్మలు వేస్తున్నారు. అయినా అది గాల్లోకి దూకాక ముందు చేతులు వెనక్కి మడిచి, రెక్కలాంటి ఆ చర్మపు అంచును పట్టుకుంటుందనే విషయాన్ని ఒక శాస్త్రవేత్త వివరంగా రాసింది 2017లో. అంటే రెక్క దానంతటదే తెరుచుకుని ఊరుకోవడం లేదు, బల్లి దాన్ని చేత్తో నడుపుతోంది. పేరున్న ప్రాణి, పగలు తిరిగే ప్రాణి, అయినా చెయ్యి ఎక్కడ పెడుతుందో చాలామంది గమనించలేదు. కాబట్టి మీ వందల ఫొటోలు పారేయకండి. ఒకసారి మళ్లీ తెరిచి, ఈసారి కాళ్లూ చేతులూ చూడండి.

కప్పల సంగతికొస్తే, ఒక్క ఫొటోతో కథ చెప్పాలన్న పట్టుదల వదలండి. కర్ణాటకలో కుంభార కప్ప అని చిన్న కప్ప ఉంది, 2014లో దానికి శాస్త్రీయంగా పేరు పెట్టారు. వాగు పక్కన పుల్ల మీదో, రాతి మీదో గుడ్లు పెట్టాక, మగ కప్ప వాగులోంచి ముందు చేతులతో బురద తీసుకొచ్చి, వెనక కాళ్ల మీద నిలబడి గుడ్ల మీద మెత్తుతుంది. బురద పూసుకున్న కప్ప ఫొటో ఒక్కటే చూపిస్తే పాపం వానలో తడిసిందనుకుంటారు. గుడ్లు, చేతిలో బురద, మెత్తిన తర్వాత గుడ్లు, ఈ మూడూ వరసగా ఉంటేనే అది ఏం చేసిందో తెలుస్తుంది. పత్రికలో మూడింటినీ పక్కపక్కన వేసుకుంటాం, ఆ ఇబ్బంది మాది.

ప్రశ్న: ఏ కెమెరా, ఏ లెన్స్ కొనాలి?
– పేరు రాయని పాఠకులు, చాలామంది

జవాబు: ఉన్నదాంతో మొదలుపెట్టండి. కొనే తీరాలంటే రెండు మాటలు. పురుగులూ కప్పల కోసమైతే 90 నుంచి 105 ఎంఎం మధ్య మాక్రో లెన్స్, అంటే చిన్నవాటిని దగ్గర నుంచి పెద్దగా తీసే లెన్స్, చూడండి. 50 ఎంఎం మాక్రో అయితే ప్రాణికి మరీ దగ్గరగా పోవాలి, మీ నీడ దాని మీద పడుతుంది, అది చేస్తున్న పని ఆపేస్తుంది. రెండోది, చప్పుడు లేని షట్టర్. అయితే ఎలక్ట్రానిక్ షట్టర్‌తో వేగంగా ఆడే రెక్కలు వంకర తిరిగినట్టు రావచ్చు, అది చూసి లెన్స్ పాడైందని కంగారు పడకండి.

ప్రశ్న: కెమెరా ట్రాప్ పెట్టాను. వారం తర్వాత కార్డు తీసి చూస్తే అన్నీ ఊగుతున్న గడ్డి ఫొటోలే. ఒకటి రెండు తోకలు. ఎర పెడితే మేలంటున్నారు. నిజమేనా?
– రిటైరైన ఉపాధ్యాయుడు

జవాబు: మాస్టారూ, ఆ తోకల్ని తక్కువగా చూడకండి, తప్పు ఎక్కడుందో అవే చెబుతున్నాయి. జంతువు ఫ్రేము దాటిపోయాక కెమెరా మేలుకుందన్నమాట. దారికి మరీ అడ్డంగా, మరీ దగ్గరగా పెట్టారేమో. దారికి ఏటవాలుగా, ఓ నలభై అయిదు డిగ్రీల్లో తిప్పి పెట్టండి. అప్పుడు జంతువు ఫ్రేములో ఎక్కువసేపు ఉంటుంది. ముంగిస, ముళ్లపంది, మూషిక జింకలాంటి చిన్నవాటి కోసమైతే కెమెరా మోకాలి ఎత్తుకు మించకూడదు.

గడ్డి ఫొటోల సంగతి. ఇందులో ఉండే సెన్సర్ జంతువును గుర్తుపట్టదు. పరిసరాల కంటే వేడిగా ఉన్నదేదైనా కదిలితే దానికి తెలుస్తుంది, అంతే. ఎండకు కాగిన గడ్డి గాలికి ఊగినా దాని లెక్కలో ఒకటే. అందుకే సూర్యుడికి ఎదురుగా పెట్టకూడదు. ఇదే కారణంగా మండే ఎండలో, జంతువు ఒంటి వేడీ గాలి వేడీ దగ్గరదగ్గరగా ఉన్నప్పుడు, ఎదురుగా నడిచిపోయినా కెమెరా నిద్రపోవచ్చు. తాబేళ్లు, బల్లుల్లాంటి చల్లని రక్తం ప్రాణులకు ఈ సెన్సర్‌ను నమ్ముకోవద్దు. నిమిషానికో ఫొటో చొప్పున తీసే టైమ్‌ల్యాప్స్ పెట్టండి. రాత్రికి కనిపించని వెలుగు కావాలంటే 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఉన్నది చూడండి. 850ది ఎక్కువ దూరం వెలుగిస్తుంది గానీ బల్బులు ఎర్రగా మినుకుమంటాయి, కొన్ని జంతువులు వచ్చి కెమెరాలోకే తొంగిచూస్తాయి. ముఖాలు బాగా వస్తాయి, పనులు రావు.

ఎర వద్దు. ఎర దగ్గర జంతువు తినడం, పోట్లాడడం కనిపిస్తుంది. మామూలుగా అది అక్కడ ఆ పని చేసేది కాదు. పైగా వేటాడే జంతువులు కూడా ఆ వాసనకు వస్తాయి. ఎరకు బదులు మనుషుల్ని అడగండి. వియత్నాంలో వెండి వీపు మూషిక జింక అని ఒకటి 1990 తర్వాత శాస్త్రవేత్తల కంటపడలేదు. అక్కడి ఊళ్లవాళ్లను, అటవీ సిబ్బందిని అడిగి, వాళ్లు చెప్పిన చోట్ల కెమెరాలు పెడితే చిక్కింది. 2019లో ఆ ఫొటోలు బయటికొచ్చాయి. రోజూ ఆ దారిన నడిచేవాళ్లకు తెలిసినంత మనకు మ్యాపులో కనిపించదు.

అన్నట్టు ఈ విద్య కొత్తదేం కాదు. జంతువు తీగ తగిలితే ఫ్లాష్ వెలిగేలా చేసి, అమెరికాలో జార్జ్ షిరాస్ అనే ఆయన వందేళ్ల కిందటే రాత్రి జంతువుల్ని తీశాడు. 1906లో ఒక్క నేషనల్ జియోగ్రాఫిక్ సంచికలోనే ఆయనవి 74 ఫొటోలు వేశారు. ఆ ఫ్లాష్ పొడి పేలే చప్పుడు తలచుకుంటే మీ ఊగే గడ్డి పెద్ద టెన్షనే కాదు.

ప్రశ్న: అక్కా, దేవాంగపిల్లిని (పేరే పిల్లి, నిజానికి కోతులకు దూరపు చుట్టం) రాత్రిపూట తీశాను. కళ్లు నిప్పుకణికల్లా వచ్చాయి, ముఖం బిగుసుకుపోయినట్టుంది, ఏ ఫొటోలోనూ కదలిక లేదు. అలుగును కూడా చూశాం, అదైతే బంతిలా చుట్టుకుని ఎంతకీ విప్పుకోలేదు. రాత్రి జంతువులు ఇంతేనా?
– అటవీశాఖ అనుమతితో సర్వేకు వెళ్లిన వాలంటీరు

జవాబు: ఇంతే కాదమ్మా. ఆ రెండూ నిన్ను చూసి చేసిన పనులే అవి. ప్రమాదం వచ్చిందనుకుంటే దేవాంగపిల్లి కదలకుండా బిగుసుకుపోతుంది. అలుగుకు పళ్లు లేవు, కరవలేదు, పొలుసుల్లో చుట్టుకోవడం ఒక్కటే దానికి దారి. అవి కూడా సహజ ప్రవర్తనే కదా అని వాదించవచ్చు. సహజమే, కాకపోతే మనిషికి భయపడ్డ ప్రవర్తన. ఆ క్యాప్షన్‌తో వేస్తే నాకేం అభ్యంతరం లేదు.

కళ్లు వెలగడానికి కారణం కంటిపాప వెనక ఉండే అద్దంలాంటి పొర. కొద్దిపాటి వెలుగును కూడా రెండోసారి వాడుకోవడానికి అది పనికొస్తుంది. అంత సున్నితమైన కంట్లోకి తెల్ల టార్చి కొడితే దానికి ఎలా ఉంటుందో ఆలోచించు. టార్చికి ఎర్ర ఫిల్టర్ కట్టి, వెలుగును కొమ్మకు పక్కగా వేసి, అంచు వెలుతురులో మాత్రమే దాన్ని చూడు. కళ్లు నీవైపు మెరుస్తూనే ఉన్నాయంటే అది నిన్నే చూస్తోంది. కాసేపటికి మెరుపు అటూ ఇటూ తిరగడం మొదలైతే తన పనిలో పడిందని లెక్క. అప్పుడు తీయి. ఐఎస్‌ఓ (తక్కువ వెలుగులోనూ తీసేందుకు పెంచే కెమెరా సున్నితత్వం) 6400 పెట్టాల్సి వస్తే పెట్టు, ఫొటోలో చుక్కలు రానీ. పురుగును పట్టి తినడం, ఒంటికి మూత్రం రాసుకోవడం లాంటివి దేవాంగపిల్లి చేసే పనులు. రెండోది అందమైన ఫొటో కాకపోవచ్చు గానీ నాకు పంపితే మొదటి పేజీలో వేయమని ఎడిటర్‌తో గొడవపడతాను.

చుట్టుకున్న అలుగు దగ్గర చేయగలిగింది ఒక్కటే, అక్కణ్నుంచి వెళ్లిపోవడం. మీరు అక్కడున్నంతసేపూ అది విప్పుకోదు. పుట్ట తవ్వే అలుగు, తోక మొదట్లో పిల్లను ఎక్కించుకుని నడిచే తల్లి అలుగు, ఇవి కావాలంటే కెమెరాను వదిలి మనిషి తప్పుకోవాలి.

ప్రశ్న: కప్పను ఫ్రిజ్‌లో కాసేపు ఉంచితే కదలకుండా కూర్చుంటుందని, తర్వాత వదిలేస్తారని మా ఫొటో గ్రూపులో ఒకరు నేర్పుతున్నారు. నత్తను కప్ప తల మీద పెట్టి తీసిన ఫొటోకు వేల లైకులొచ్చాయి. ప్రాణి చావలేదు కదా, ఇందులో తప్పేముంది?
– కొత్తగా కెమెరా కొన్న పాఠకురాలు

జవాబు: కప్ప ఒంటి వేడి చుట్టూ ఉన్న గాలినీ నీటినీ బట్టి ఉంటుంది. చల్లబడితే కండరాలు పనిచేయవు. అది బుద్ధిగా కూర్చోలేదు, కదల్లేకపోతోంది. దాని చర్మం నీటినీ గాలినీ పీల్చుకునే చర్మం. మన చేతికున్న దోమల మందు, సబ్బు, లోషన్ అన్నీ దానిలోకి పోతాయి. ఒక కప్పను పట్టుకున్న చేత్తో ఇంకో కప్పను పట్టుకుంటే రోగాలు కూడా అంటుతాయి. ప్రపంచమంతటా కప్పల్ని చంపుతున్న చర్మపు శిలీంధ్రం ఒకటుంది, ఈ ఆటలకు అది సరిగ్గా సరిపోతుంది. చావలేదని ఎవరు చూశారు? వదిలేశాక మరుసటి రోజు ఎవరైనా వెళ్లి చూశారా?

ఇంక లైకుల సంగతి. ఆకును గొడుగులా పట్టుకున్న కప్పలు, పురుగు మీద స్వారీ చేసే కప్పలు, ఇవి చూసి చూసి జనం అడవి ఇలాగే ఉంటుందనుకుంటున్నారు. నాకు అసలు మంట అక్కడ. కుంభార కప్ప నిజంగా చేతులతో బురద మెత్తుతుందని చెబితే, అదీ ఎవరో పెట్టి తీసిందేలే అంటున్నారు. దొంగ ఫొటో వల్ల నిజం ఫొటో విలువ పోతోంది.

పెద్ద పోటీలకు కూడా ఈ తలనొప్పి తప్పలేదు. లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం నడిపే వైల్డ్‌లైఫ్ ఫొటోగ్రాఫర్ ఆఫ్ ది ఇయర్ పోటీలో 2009 విజేత ఫొటోలో తోడేలు గేటు దూకుతుంటుంది. అది మచ్చిక చేసిన తోడేలై ఉండొచ్చని తేలి 2010లో బహుమతి వెనక్కి తీసుకున్నారు. 2017లో అదే పోటీలో బ్రెజిల్ పుట్టల మధ్య చీమలు తినే జంతువు ఫొటోకు ఒక విభాగంలో బహుమతి వచ్చింది. అది చచ్చిన జంతువు తోలుతో చేసిన బొమ్మ అని నిపుణులు నిర్ధారించి, 2018లో దాన్నీ రద్దు చేశారు. ఫొటో నిజంగానే చాలా అందంగా ఉంది. వెనక రాత్రి ఆకాశం, పుట్ట మీద చిన్న చిన్న ఆకుపచ్చ వెలుగులు. జంతువు ఒక్కటే అక్కడ ఏమీ చేయడం లేదు.

మీ గ్రూపులో గొడవ పెట్టుకోమని చెప్పను. నత్త ఫొటో కింద, ఇది ఎంతసేపు జరిగింది, ముందు ఫ్రేము, తర్వాత ఫ్రేము చూపిస్తారా అని మర్యాదగా అడగండి.

ప్రశ్న: పక్షి కూతలు ఫోన్లో వినిపించి పిలిస్తే?
– ఒక పాఠకుడు

జవాబు: వస్తుంది. శత్రువు వచ్చాడనుకుని వస్తుంది. పిల్లలకు మేత పెట్టాల్సిన టైములో మీ ఫోన్‌తో పోట్లాడుతుంది. వద్దు.

ప్రశ్న: మంచి ఫొటో దొరికితే ఎక్కడ దొరికిందో రాయడం తోటివాళ్లకు సాయమే కదా?
– బ్యాంకు ఉద్యోగి

జవాబు: కొన్నింటికి సాయం, కొన్నింటికి చావు. 1999లో దక్షిణ చైనాలో ఒక కొత్తరకం బల్లి గురించి శాస్త్ర పత్రికలో రాశారు, దొరికిన చోటుతో సహా. పెంపుడు జంతువుల వ్యాపారం కోసం పట్టేవాళ్లు ఆ చోటికి చేరి, అక్కడ అది లేకుండా చేశారు. అలుగు, దేవాంగపిల్లి, నక్షత్ర తాబేలు, గూడు కట్టిన ఏ పక్షి అయినా సరే, జిల్లా పేరు కూడా అనవసరం. ఫొటో ఫైలులో జీపీఎస్ వివరాలు దాగి ఉంటాయి, పోస్టు చేసేముందు తీసేయండి. వెనక కనిపించే గుర్తుపట్టదగ్గ కొండో, గుడో ఉంటే కత్తిరించండి. చోటు వివరాలు అటవీశాఖకో, దాని మీద పనిచేసే పరిశోధకులకో ఇవ్వండి.

ప్రశ్న: మీకు ఫొటోలు పంపాలంటే ఎంత షార్ప్‌గా ఉండాలి? నా ముంగిస ఫొటో కాస్త మసగ్గా ఉంది.
– ఇంటర్ విద్యార్థిని

జవాబు: ముంగిస ఏం చేస్తోందో రాయలేదు నువ్వు! ఊరికే నిలబడి ఉంటే షార్ప్‌గా ఉన్నదే పంపు. గుడ్డును రాయికేసి కొడుతోందంటే మసగ్గా ఉన్నా పంపు. ఎంచిన ఒక్కటే కాకుండా దాని ముందూ వెనకా ఉన్న ఫ్రేములు కూడా కలిపి, కత్తిరించకుండా, ఏ సమయానికి తీశావో, ఎంత దూరంలో ఉన్నావో, నిన్ను చూశాక అది ఏం చేసిందో నాలుగు ముక్కలు రాసి పంపు. ముంగిసది గాబట్టి చోటు రాసినా ఫర్వాలేదు.